లక్క ప్లేటు

నా ఒంట్లో ఉన్నది మీ దేశపు లక్కే. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు కట్టిన పూతను గీకి, కరిగించి, ఓడలకెక్కించారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే వ్యాపారులు దాంట్లో రాతిపొడి, మసి కలిపి నన్ను అచ్చు వేశారు. గ్రామఫోన్ పెట్టెలు అమ్ముడుపోవాలంటే పాటలూ ఉండాలని వాళ్లు ప్లేట్ల పనిలోకి దిగారు. వాడింది చౌక సరుకు. ఆ గరగర నాకు పుట్టుకతో వచ్చింది.

నా గాడిలో ఉన్నది బ్లూస్ గాయకుడు చార్లీ పాటన్ పాడిన 'పోనీ బ్లూస్'. 1929 జూన్ 14న ఇండియానాలోని రిచ్‌మండ్‌లో ఆయన ఒక్కరోజే 14 పాటలు పాడాడు. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే రికార్డింగు ఆపాల్సిందే. మనిషి చూడ్డానికి చిన్నగా ఉండేవాడు. గొంతు మాత్రం మైకు లేకుండా పత్తి కూలీల నాట్యాల గోలను దాటి వినిపించడానికి రాటుదేలింది. మాటల్ని సగం మింగేస్తాడు, గిటారు చెక్క మీద దరువు వేస్తాడు, తీగను లాగి దానిచేత కూడా పాడిస్తాడు. ఆ తీగ పలికే చోటికి ముల్లు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మరో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ గిటారు నేర్చుకున్నది ఈయన దగ్గరే.

మిసిసిపీలో పత్తి ఏరే ఒక నల్లజాతి ఆమె నన్ను 75 సెంట్లకు కొనుక్కుంది. ఆ కూలికి అది చిన్న డబ్బు కాదు. ప్రతి శనివారం రాత్రీ ఉక్కు ముల్లు నా మీద నడిచేది. నా అరుగుదలంతా ఆమె ఇష్టం.

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి ఆ కుర్చీల వాళ్ల ప్లేట్ల వ్యాపారం మూతపడింది. పాటలు పుట్టిన లోహపు అచ్చులు పోయాయి. 1934లో పాటన్ పోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, లక్క కరువై పాత ప్లేట్లను కరిగించడానికి పోగుచేశారు. ఆమె నన్ను ఇవ్వలేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత పాత ప్లేట్లు వెతుక్కుంటూ ఇంటింటికీ తిరిగే కుర్రాడొకడు ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. అచ్చులు లేవు కాబట్టి మాలాంటి అరిగిన ప్లేట్ల నుంచే పాటన్ పాటలకు మళ్లీ నకళ్లు తీశారు. 1960లో ఆయన పాటలతో ఎల్పీ వచ్చింది. 2006లో అమెరికా జాతీయ రికార్డింగుల పట్టికలో 'పోనీ బ్లూస్'ను చేర్చారు. ఈనాడు మీరు వినే పాటన్ మా గరగరలోంచి వచ్చినవాడే.

మీ అటక మీద కూడా నా జాతివాళ్లు ఉండొచ్చు: పద్య నాటకాలవో, హరికథలవో. ఆ గొంతులకు కూడా మరో అచ్చు మిగిలి ఉండకపోవచ్చు. వాటిని పాత సామానువాడికి వేయకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఎండ తగలని చోట నిలువుగా ఉంచండి. ముందు ఒకసారి వినండి.