రెండు టోపీల చొక్కా

డాలు మీద గుర్తులు వేసుకునే ఆచారం 12వ శతాబ్దపు యూరప్‌లో యుద్ధం కోసం పుట్టింది. కవచాలు తొడిగిన మందలో మనవాడెవడో పరాయివాడెవడో తెలియాలి కనుక డాలు మీదా, కవచంపై వేసుకునే అంగీ మీదా సింహాలు, శిలువలు చిత్రించుకున్నారు. ఇప్పుడవే గుర్తులు ఆక్స్‌ఫర్డ్ దుకాణాల్లో హుడీల మీద అమ్ముడుపోతూ, అక్కడ చదివినవాడెవడో టూరిస్టు బస్సు దిగినవాడెవడో తెలియకుండా చేస్తున్నాయి.

ఈ వస్త్రజాతిలో క్రైస్ట్ చర్చ్ కాలేజీ హుడీ శ్రేష్ఠమైనది. 1525లో ఆ కాలేజీ పెట్టిన కార్డినల్ థామస్ వుల్జీ మాంసం వ్యాపారి కొడుకని ప్రతీతి. చెప్పుకోవడానికి వంశం లేని లోటు డాలుతో తీర్చుకున్నాడు. సఫోక్ ప్రభువుల నుంచి చిరుత తలలు నాలుగు, పోపు పదవ లియో పేరిట ఎర్రసింహం ఒకటి, తన పేరే ఉన్న సెయింట్ థామస్ బెకెట్ నుంచి ఎర్రముక్కు కాకులు రెండు తెచ్చుకున్నాడు. వీటన్నిటి మీదా కార్డినల్ టోపీ పెట్టాడు. 1529లో ఎనిమిదో హెన్రీ ఆయన పదవి ఊడబెరికాడు. మరుసటి ఏడు రాజద్రోహ నేరం మీద పట్టుబడి, లండన్ చేరకుండానే దారిలో పోయాడు. రాజు కాలేజీని లాక్కుని 1546లో క్రైస్ట్ చర్చ్ అని కొత్త పేరు పెట్టాడు. పోపుతో రాజు తెగతెంపులు చేసుకున్నా, ఆ డాలునీ, దాని మీద పోపు ఇచ్చిన టోపీనీ కాలేజీ మాత్రం వదల్లేదు.

డాలు శాస్త్రంలో రంగులకు నియమాలున్నాయి. హుడీ శాస్త్రంలో దారం ఖర్చుకే నియమం. ఒకే తెల్లదారంతో కుడితే ఎర్రసింహం, నీలి చిరుతలు రంగుభేదం మరిచి సమానత్వం సాధిస్తాయి.

ధరించేవారు రెండు రకాలు. విద్యార్థి పరీక్షకు నల్లగౌనులో వెళ్లాలి; దాని మీద ఏ డాలూ ఉండదు. ఆ కాలేజీలో హ్యారీ పాటర్ సినిమా తీసిన మెట్లు చూడటానికి వచ్చిన సందర్శకుడు మాత్రం అరగంటలో చిరుతలతో, సింహంతో, కాకులతో బయటికొస్తాడు. ప్రవేశపరీక్ష అతనికీ ఉంది. కార్డు మెషీన్ పెడుతుంది.

ఇతరుల డాలు వాడుకుంటే విచారించే కోర్టు ఇంగ్లండ్‌లో నిజంగానే ఉంది. రెండు శతాబ్దాలకు పైగా నిద్రపోయి 1954లో లేచింది. మాంచెస్టర్ నగరపాలక సంస్థ చిహ్నాన్ని ఒక నాటకశాల వాడుకోవడం తప్పని తేల్చి, మళ్లీ పడుకుంది. అందుచేత హుడీ కొన్నవారు భయపడవలసిన శాసనం ఒక్కటే, మెడ వెనక కుట్టిన ఉతుకుడు చీటీ.