సర్వర్‌కు సెలవెప్పుడు?

ఇంట్లో సొంత సర్వర్ నడుపుతున్న తోటి బాధితులారా! మన గోడు మనకు తప్ప ఎవరికి అర్థమవుతుంది? టీవీ వెనక చిన్న పెట్టె. అందులో ఇంటిల్లిపాది ఫొటోలు, కరెంటు బిల్లులు, పాస్‌పోర్టు కాపీలు, అమ్మ బీపీ లెక్కలు. నడిచినన్నాళ్లూ అలాంటిదొకటి ఉందనే ఎవరికీ గుర్తుండదు. రెండు నిమిషాలు ఆగిందా, రాజ్యాంగ సంక్షోభం. సంజాయిషీ నాది.

సరే, అప్‌గ్రేడు చేయాలి. ఎప్పుడు? పొద్దున అమ్మ బీపీ రాసుకుంటుంది. పగలు మా ఆవిడ ఆఫీసు కాగితాలు అందులోంచే తీస్తుంది. సాయంత్రం పిల్లల ప్రాజెక్టు వర్కు. పోనీ అర్ధరాత్రి అందామా, మనకు పన్నెండైతే డాలస్‌లో పట్టపగలు. బావమరిది అన్నం తింటూ మేనకోడలి డాన్సు వీడియో చూసే శుభఘడియ. మాది రవి అస్తమించని కుటుంబం. అప్‌గ్రేడుకు మాత్రం ఏడాది పొడుగునా మూఢమే.

నిపుణులకు ఈ దిగుల్లేదు. పాత వెర్షన్‌ను నడవనిచ్చి, పక్కనే కొత్తది లేపి, పరీక్షించి, ముందున్న ప్రాక్సీని దానివైపు తిప్పమంటారు. ఒకటి బ్లూ, ఒకటి గ్రీన్ అట. ఆ ప్రాక్సీ ఇంజిన్‌ఎక్స్ అయితే రీలోడ్ అనగానే కొత్త వర్కర్లను దింపి, పాతవాటిని చేతిలో పని ముగిసేదాకా కూర్చోనిస్తుంది. పెళ్లిలో తింటున్నవాడి కుర్చీ వెనకే కాపలా నిలబడే జాతి మనది. ఇంతటి మర్యాదకు కళ్లు చెమర్చాయి. కాసేపే.

ఎందుకంటే ప్రోగ్రాములు రెండైనా డేటాబేస్ ఒకటే. కొత్తది వస్తూనే ఒక కాలమ్ తీసేసిందనుకోండి, పాతది అక్కడికక్కడే బోర్లా పడుతుంది. ముందు కొత్త కాలమ్ చేర్చి, రెండు వెర్షన్లూ బతికేలా చూసి, పాత వెర్షన్ పూర్తిగా తప్పుకున్నాకే పాత కాలమ్ తీసేయాలి. అది ప్రోగ్రాం రాసినవాడి దయ. ఇక ఆ డేటాబేస్‌ను నడిపే పోస్ట్‌గ్రెస్‌నే మార్చాల్సి వస్తే చూడాలి మన అవస్థ! పెద్ద వెర్షన్ మారితే డిస్కు మీది పాత డేటాను కొత్తది నేరుగా తెరవదు. డంప్ తీసి మళ్లీ పోయాలి, లేదా పీజీ_అప్‌గ్రేడ్ నడపాలి. ఎలాగైనా సేవ కాసేపు ఆపాల్సిందే. వద్దంటే 2017లో పదో వెర్షన్‌తో వచ్చిన లాజికల్ రెప్లికేషన్ ఉంది: కొత్తదాన్ని వేరేచోట నడిపి, డేటా దానికి చేరుతూ ఉండగా చివర్లో అటు మారిపోవడం. మా పెట్టెలో ఒకదానికే ఊపిరాడదు. రెండో పెట్టెకు నిధులు అడిగాను. మొదటిదెందుకని ప్రశ్న వచ్చింది.

పోస్ట్‌గ్రెస్ ఒక్కో పెద్ద వెర్షన్‌కు ఐదేళ్ల మద్దతు, మనం ప్రభుత్వానికిచ్చినంత గడువు. అదీ తీరింది. ఆత్మాభిమానం చంపుకుని కుటుంబ వాట్సాప్ గ్రూపులో ప్రకటన ఇచ్చాను: ‘ఆదివారం మధ్యాహ్నం 3 నుంచి 4 వరకు మరమ్మతుల నిమిత్తం ఫొటోలు నిలిపివేయబడును. సహకరించగలరు.’ చెట్టుకొమ్మలు కొట్టడానికి సగంపూట కరెంటు తీసినా కిక్కురుమనని జనం కదా, అందరూ బొటనవేలు పైకెత్తారు. అమ్మ దండం బొమ్మ కూడా పెట్టింది.

3.20కి నేను లోపలి గదిలో లాప్‌టాప్ ముందు, డేటా సగం పోసి కూర్చున్నాను. హాల్లోంచి అమ్మ గొంతు: “ఒరేయ్, ఫొటోలు రావట్లేదని టీవీ వెనక స్విచ్చి ఆపి మళ్లీ వేశాను. ఇప్పుడు చూడు!”