ఒక కెమెరా పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

ఎండ నెత్తి నుండ నెత్తకు కెమెరాను,
తెల్లబట్ట చూచి తెల్లవోకు,
అడిగి తీయుమయ్య యన్యుల ముఖములు,
తడిసినద్ద మిపుడె తుడువఁబోకు.

అవతారిక

షార్జా రోలాలో ఉంటున్న ఒక బావగారు, దుబాయిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన బామ్మర్ది మొదటి డిజిటల్ కెమెరా కొన్నాడని విని వాట్సాప్‌లో పంపిన ఆటవెలది ఇది. కొన్న చోటు బర్ దుబాయిలో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు, అంటే అందరూ కంప్యూటర్ స్ట్రీట్ అనే వీధి. 18–55 లెన్సు, సంచి, మెమరీ కార్డు, ఫ్యాను గాలికి ఊగే ట్రైపాడు అన్నీ కలిపి ఒకే బేరం. డబ్బాలో వచ్చిన పుస్తకాన్ని బామ్మర్ది ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా భద్రపరిచాడు. ఆ పుస్తకం చేయలేని పని నాలుగు పాదాల్లో చేయాలని కవి సంకల్పం.

వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగానికి ఈ టీకాకారుడు కట్టుబడతాడు. రెండో సగం కాళిదాసుకు టీక రాసేవాళ్ళకు చెల్లుతుంది గానీ, బావగార్ల పద్యాలకు రాసేవాళ్ళకు చెల్లదు.

మొదటి పాదం

టీక: ఎండ = సూర్యుని తాపము; నెత్తిని = నడినెత్తిమీద; ఉండన్ = ఉన్న సమయమందు; కెమెరాను = వాయిదాలింకా తీరని ఆ వస్తువును; ఎత్తకు = కంటిదాకా తేకుము.

తాత్పర్యం: మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయకు.

విశేషాలు: దుబాయి ఉన్నది సుమారు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. జూన్ నెలాఖరులో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రెండు డిగ్రీల ఎడంలోనే నిలుస్తాడు. ఆ వేళ ఎవరిని తీసినా కళ్ళున్న చోట రెండు నల్లటి గుంటలు పడతాయి, మీసం లేనివాడికి ముక్కు నీడే మీసమవుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని ఇక్కడి సర్కారు నియమం. అది కార్మికుల కోసం పెట్టినది. కవి దానిలో కెమెరాను కూడా చేర్చాడు.

ఇక్కడ పూర్వపక్షం: నిండు ఎండకు పాత ఫిల్ము రోజుల నుంచీ ఒక లెక్క ఉంది కదా? అపర్చర్ ఎఫ్/16, ఐఎస్‌ఓ 100, షట్టర్ సెకనులో వందో వంతు పెడితే మీటరు చూడకుండానే వెలుగు సరిపోతుందని యూట్యూబ్ వ్యాఖ్యాతలు ఘోషిస్తున్నారే? అది చింత్యం. వెలుగు సరిపోవడం వేరు, ముఖం బాగుండటం వేరు. ఆ లెక్క మొదటిదానికే హామీ ఇస్తుంది.

మరొక ఆక్షేపం బామ్మర్ది స్వయంగా చేసినది: "బావా, నాకు సెలవు ఆదివారం ఒక్కరోజే. పొద్దున వంట, సాయంత్రం బట్టలు ఉతుక్కోవడం. దొరికేది మధ్యాహ్నమే." సమాధానం మూలంలోనే ఉంది. కవి నిషేధించింది నెత్తిమీద ఉన్న ఎండను. నెత్తిమీద కప్పున్న చోట నిషేధం లేదు. అల్ ఫహీదీలో బర్జీల్ అనే గాలిగోపురాల ఇళ్ళ మధ్య సన్నని సందులున్నాయి. ఒక గోడ నీడలో మనిషిని నిలబెడితే, ఎదురుగోడ మీద పడ్డ ఎండ తిరిగి వచ్చి ముఖానికి మెత్తగా తగులుతుంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే బట్టల బజారు, దాని మీద చెక్క కప్పు. అది దాటితే క్రీక్, దిర్హమ్‌కు దాటించే అబ్రా పడవ. తెల్లవారుజామున అక్కడికి చేరగలిగినవాడికి ఈ పాదంతో పని లేదు.

రెండో పాదం

టీక: తెల్లబట్ట = కందూరా మొదలగు ధవళ వస్త్రమును; చూచి = తెరమీద చూచి; తెల్లవోకు = వెలవెలబోకుము.

పద్యానికి ప్రాణం ఈ పాదమే. తక్కిన మూడూ లేకపోయినా ఇది నిలుస్తుంది.

తాత్పర్యం చెప్పే ముందు కెమెరా స్వభావం చెప్పాలి. దానిలోని మీటరుకు లోకంలో ఏ వస్తువు ఏ రంగో తెలియదు. ఎదురుగా ఉన్న దృశ్యమంతా కలిపితే ఒక నడిమి బూడిద రంగు అవుతుందని నమ్మి వెలుగు కొలుస్తుంది. మీద పడ్డ వెలుగులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద అది. చెట్టూ చేమా, మట్టీ, మనిషీ కలిసిన చోట ఆ నమ్మకం ఇంచుమించు నిజమవుతుంది. కోనసీమలో పుట్టిన ఫొటోకు ఇబ్బంది రాదు. ఎమిరేట్స్‌లో ఎదురుగా ఇసుక, దానిమీద తెల్ల కందూరా, వెనక తెల్ల గోడ. మీటరు బెదిరిపోయి, ఇంత వెలుగు ఉండకూడదనుకుని తగ్గిస్తుంది. ఫలితంగా మల్లెపువ్వు లాంటి కందూరా ఉతకని పంచెలా వస్తుంది. అబుదాబి షేక్ జాయెద్ మసీదుకు 82 గుమ్మటాలు, అన్నీ తెల్ల పాలరాయి. కెమెరాను దాని ఇష్టానికి వదిలితే 82 కూడా వాన మబ్బులై దిగుతాయి.

పరిహారం: ప్లస్సు, మైనస్సు గుర్తులున్న మీటను ప్లస్సు వైపు ఒకటికో ఒకటిన్నరకో జరపడం. నల్లటి అబాయా నిండుగా ఉన్న దృశ్యంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. మీటరు నలుపును కూడా బూడిద చేయాలని వెలుగు పెంచేస్తుంది, అప్పుడు మైనస్సు. తెలుపును చూసి వెలుగు పెంచు, నలుపును చూసి తగ్గించు అంటే కొత్తవాడి బుద్ధి మొరాయిస్తుంది. తెల్లగా ఉన్నదానికి ఇంకా వెలుగెందుకని బామ్మర్ది కూడా అడిగాడు. కెమెరా ముందే తగ్గించేసింది కాబట్టి, మనం తిరిగి ఇప్పిస్తున్నాం. మన మధుపర్కాల పెళ్ళిళ్ళు తీసే ఊరి స్టూడియో ఫొటోగ్రాఫరుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన చేతికే తెలుసు.

అలంకారం: బట్టలోని తెలుపును కెమెరా తీసుకుంది, ఆ తెలుపు తీసినవాడి ముఖంలోకి వచ్చింది. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం కాబట్టి పరివృత్త్యలంకారం. కవి ఇది తెలిసి చేసింది కాదని బామ్మర్ది అక్కగారి సాక్ష్యం.

మూడో పాదం

టీక: అయ్య = ఓ బామ్మర్దీ; అన్యుల = నీ రూములో లేనివారి; ముఖములు = ముఖములను; అడిగి = అనుమతి పొంది; తీయుము = ఫొటో తీయుము.

ఒరేయ్ అని పిలిచే బామ్మర్దిని ఇక్కడ అయ్యా అన్నాడేమని శంక. చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి స్వరం తగ్గిందని సమాధానం. 2021లో వచ్చిన 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పరుల ఫొటో తీసి వారి ఏకాంతానికి భంగం కలిగిస్తే కనీసం ఆరు నెలల జైలు, 1,50,000 నుంచి 5,00,000 దిర్హమ్‌ల జరిమానా, లేదా వీటిలో ఒకటి. నెలకు 2,000 దిర్హమ్‌లు వచ్చేవాడికి కనిష్ఠ జరిమానాయే ఆరేళ్ళ మూడు నెలల జీతం. ముఖములు అన్నది ఉపలక్షణం. విమానాశ్రయాలు, సైనిక స్థావరాలు కూడా అందులో చేరతాయి. వాటి విషయంలో అడిగే పని కూడా పెట్టుకోవద్దని సంప్రదాయం. రస్ అల్ ఖోర్‌లో దిగే ఫ్లెమింగోలను అడగనక్కర్లేదు గానీ, 55 మిల్లీమీటర్ల లెన్సులో అవి గులాబీ చుక్కలు.

ఇంత భయం చెప్పాక ఒక మాట. ఈ దేశపు ముఖచిత్రాన్ని మనలాగే వచ్చినవాడు ఒకడు తీశాడు. 1965లో బొంబాయి నుంచి వచ్చిన రమేశ్ శుక్లా, 1971 డిసెంబర్ 2న జుమేరాలో ఎమిరేట్ల పాలకులు కొత్త జెండా కింద నిలబడగా తీసిన ఫొటో నేటికీ జాతీయ దినోత్సవాల్లో కనిపిస్తుంది. ఆయన చేతిలోది రోలీకార్డ్, రీలుకు పన్నెండు బొమ్మలు. మన బామ్మర్ది ఒక్క బిర్యానీకే అంతకన్నా ఎక్కువ ఖర్చు పెడతాడు.

అడగడంలో అసలు చిక్కు వేరు. ముఖములు అని బహువచనం వేయడంలో కవి అనుభవం ఉంది. కార్మికుల క్యాంపులో ఒకణ్ణి అడిగితే వరండా అంతా తల దువ్వుకుని వస్తుంది. జగిత్యాల పంపాలి, సిరిసిల్ల పంపాలి, నా ఒక్కడిదీ తీయన్నా అని ఒకరు, వెనక ఆ కారు పడాలన్నా అని ఇంకొకరు. కారు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఫౌంటెన్ దగ్గరైతే బుర్జ్ ఖలీఫా కొసదాకా పడాలి, మొహం కూడా పెద్దగా రావాలి. 828 మీటర్లది ఒకటి, అయిదున్నర అడుగులది ఒకటి, రెండూ ఒకే చట్రంలో పట్టాలంటే తీసేవాడు నేలమీద పడుకోవాలి. ఇంటివాళ్ళు చూసేది మొహమే కాబట్టి కొస కాస్త తెగినా ఫర్వాలేదని ఈ టీకాకారుడి అభిప్రాయం. దిగేవాళ్ళు ఒప్పుకోరు.

నాలుగో పాదం

టీక: తడిసిన = ఆవిరి పట్టిన; అద్దము = లెన్సు ముఖము; ఇపుడె = తక్షణమే; తుడువఁబోకు = తుడువకుము.

ఇక్కడ తడి, తుడు అన్న చోట ప్రాసయతి గమనించదగ్గది.

తాత్పర్యం: ఏసీ గదిలో చల్లబడ్డ కెమెరాను ఆగస్టు సాయంత్రం సముద్రం ఒడ్డున బయటికి తీస్తే, గాలిలోని తేమ లెన్సుమీద చేరి లోకమంతా పొగమంచవుతుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది, పైగా మరక మిగులుతుంది. గాజు వేడెక్కేదాకా తేమ ఆగదు. బయలుదేరేటప్పుడే సంచి జిప్పు మూసి, అలాగే ఓ అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ఇసుక తుఫాను నాడు తుడవకూడదనడానికి కారణం వేరు: ముందు గాలి ఊది రేణువులు పోగొట్టకుండా గుడ్డ పెడితే గీతలు పడతాయి. ఇపుడె అన్న ఒక్క మాటలో కవి రెండు సందర్భాలనూ ఇమిడ్చాడు.

గది దాటగానే జరిగేదాన్ని కవి చివర చెప్పాడేమంటే, పాఠక్రమం కన్నా అర్థక్రమం బలీయమని మీమాంసకుల మాట. వరసగా పాటించేవాడు నాలుగో పాదంతో మొదలుపెట్టాలి.

ప్రక్షిప్త విచారం

వాట్సాప్ ప్రతిలో పద్యం కింద, రెండు నిమిషాల తేడాతో, ఇంకొక పంక్తి కనిపిస్తోంది: "ఒరేయ్, కెమెరాకని తీసుకున్న 600 ఎప్పుడు ఇస్తావ్?" ఛందస్సు లేదు, యతి లేదు, మొదటి నాలుగు పాదాల మర్యాద లేదు. కాబట్టి ఇది తర్వాత ఎవరో చేర్చినదని బామ్మర్ది వాదం. కర్తృత్వం నిస్సందేహంగా తనదేనని బావగారు అదే రాత్రి ఫోన్ చేసి ధ్రువీకరించారు. టీక అక్కర్లేదన్నారు.