పక్కింటి బిడ్డకు తొట్టెల

2025 మే నెల, ఒక గురువారం పొద్దున్నే సూర్యాపేట నుంచి మా చిన్నమ్మ ఫోన్. "ఏందిరా, అరుణాచలం పేరు చైనావోళ్లు మార్చిన్రంట గదా! టీవీల జెప్తున్నరు. మొన్న సోమారం పున్నానికే గద మేం పోయి గిరి చుట్టొచ్చింది. అప్పుడైతే ఏం మార్చలే. మూడు దినాలల్ల ఏమాయె?"

అది తమిళనాడులో శివుడి అరుణాచలం, ఇది ఈశాన్యంలో అరుణాచల్ ప్రదేశ్ అని చెప్పాను. "ఒక్క సున్న తేడానా?" అంది. సున్న ఒక్కటే గానీ దాని వెనక చాలా కథ ఉంది చిన్నమ్మా అన్నాను. "కథ గాదుర, పేరు మారిస్తే మార్చిన్రు గని, శివుడైతే ఆడనే ఉన్నడు గదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది.

ఆమెను చూసి నవ్వకండి. మన విదేశాంగ శాఖ బుధవారం ఇచ్చిన జవాబు కంటే ఆ ప్రశ్నే నయం.

జవాబు మీరూ చదివే ఉంటారు. అరుణాచల్‌లో మరో 27 చోట్లకు చైనా పౌర వ్యవహారాల శాఖ పేర్లు పెట్టింది. 15 కొండలు, 4 కనుమలు, 2 నదులు, ఒక సరస్సు, 5 ఊళ్లు. మనవాళ్లు దాన్ని వ్యర్థ ప్రయత్నమన్నారు, అసంబద్ధమన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. 'సృజనాత్మక నామకరణం' వల్ల వాస్తవం మారదని కూడా అన్నారు. సృజనాత్మకం! తిట్టారా, మార్కులు వేశారా? పక్కింటివాడు మన గోడ మీద తన పేరు రాసుకుపోతే, పొద్దున్నే లేచి చూసి 'దస్తూరీ బాగుంది గానీ గోడ మాత్రం మాదే' అన్నట్టు లేదూ!

సృజనే అయితే దాని విధి విధానం కూడా చూద్దామని చిన్నాయనకు ఫోన్ ఇమ్మన్నాను. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. వాడకట్టులో ఎవరింట తొట్టెల వేసినా పంచాంగం చంకన పెట్టుకుని ముందుగా హాజరయ్యేది ఆయనే.

"బిడ్డ ఎవలది?" అన్నాడు.

"మనదే చిన్నాయనా."

"పేరు వెట్టేది?"

"పక్కింటివాళ్లు."

"మేనత్త వరుసైతదా?"

"కాదు. తండ్రి వరుస అంటున్నారు."

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. "మరి తల్లి ఏమంటున్నది?"

"ఖండించింది. సృజనాత్మకంగా ఉందని కూడా అంది."

శాస్త్రప్రకారం ఇరవై ఒకటో రోజున తొట్టెల కడతాం. పళ్లెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో పేరు రాస్తాం, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్తాం. చైనావాళ్లూ ఏ లోటూ చేయలేదు. పేర్లను చైనా లిపిలో, టిబెటన్ లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో, మూడు రకాలుగా రాశారు. జాతకం వేసినట్టు అక్షాంశాలు, రేఖాంశాలు గుణించారు. మొత్తం రాష్ట్రానికే 'జాంగ్‌నన్' అని, అంటే దక్షిణ టిబెట్ అని, ముద్దుపేరు ముందే ఉంది. తక్కువైందల్లా తొట్టెల్లో బిడ్డే.

ఇది ఐదో విడత. మొదటిది 2017 ఏప్రిల్‌లో, దలైలామా తవాంగ్ వచ్చి వెళ్లిన కోపంలో, 6 పేర్లు. అలిగి చేసిన తొట్టెల కనుక చిన్నది. 2021 చివర్లో 15. 2023లో 11. 2024లో 30. 2025లో ఈ 27. వెరసి 89. ఇంకో పదకొండు పెడితే గాంధారి కొడుకుల లెక్క సరిపోతుంది.

2024లో 30 పేర్ల జాబితా వచ్చినప్పుడు మన విదేశాంగ మంత్రి సూరత్‌లో ఒక మాటన్నారు. ఇవాళ నేను మీ ఇంటి పేరు మార్చేస్తే ఆ ఇల్లు నాదైపోతుందా అని. గుజరాత్‌లో ఆ మాటకు చప్పట్లు పడి ఉండొచ్చు. తెలుగులో మాత్రం ప్రమాదం. మన దగ్గర ఇంటిపేరు మారిందంటే పిల్ల అత్తారింటికి వెళ్లిపోయినట్టే లెక్క. ఈ ఉపమానాన్ని దయచేసి తెలుగులోకి అనువదించొద్దని ఎవరైనా ఆయనకు చెప్పాలి.

ఇంతలో చిన్నాయన నక్షత్రం అడిగాడు. కొండకు నక్షత్రం ఎక్కడిది? మొదటిదే వేసుకో అన్నాను. అశ్విని. చూ, చే, చో, లా. నాలుగు పాదాలకు నాలుగు అక్షరాలు. ఆయన చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. టిబెటన్‌లో 'చూ' అంటే ఏరు. 1986లో రెండు సైన్యాలు ఎదురెదురుగా గుడారాలు వేసుకున్నది సుందొరాంగ్ చూ ఒడ్డున. 'చో' అంటే సరస్సు, పాంగాంగ్ చో. 'లా' అంటే కనుమ. 1967లో ఫిరంగులు పేలిన నాథూ లా, 1962 నవంబరులో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ దాదాపు మొత్తంగా నేలకొరిగిన రెజాంగ్ లా. మూడు పాదాలు హిమాలయాల్లో దొరికాయి. 'చే' ఒక్కటే మిగిలింది. పటం ముందేసుకుని వెతికినా కనబడలేదు. సరే, తర్వాత చూద్దాం అనుకున్నాను.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనందరి నాలుక మీద ఆడే సామెత ఒకటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చైనాకు ఇది సరిగ్గా అతకదు. బిడ్డ ఉంది, బంగారంలా ఉంది, తండ్రినంటూ వచ్చినవాడే అబద్ధం. సోమలింగాన్ని చూడాలంటే పటంలో ఇంకోచోట చూడాలి. వాస్తవాధీన రేఖ అంటారే, అదీ సోమలింగం! 1959లో చౌ ఎన్‌లై నెహ్రూకు రాసిన ఉత్తరంలో కడుపున పడింది, 1993 ఒప్పందంలో పేరు పెట్టించుకుంది. పుట్టడం మాత్రం ఇప్పటికీ పుట్టలేదు. మన లెక్కలో పొడవు 3,488 కిలోమీటర్లు. వాళ్ల లెక్కలో సుమారు 2,000. ఏ ఇంట్లోనైనా బిడ్డ ఎత్తు మీద తల్లిదండ్రులకు ఇంత తేడా వస్తుందా? ఒకరి పటాన్ని ఇంకొకరికి ఇచ్చుకున్నది 2000లో, అదీ మధ్య సెక్టారు వరకే. వాస్తవం ఏదో తేలలేదు, ఆధీనం ఎవరిదో తేలలేదు, రేఖ గీయలేదు. పేరు మాత్రం నిండుగా, పండితుడు పెట్టినట్టుంది.

అసలు సృజనలో మనం చైనాకు తీసిపోయామా? అన్యాయం. సైన్యాలు ఛాతీకి ఛాతీ ఆనించుకుని నిలబడ్డ చోటుకు 'ఫ్రిక్షన్ పాయింట్' అని పేరు పెట్టాం, కొత్త చెప్పు కరిచినట్టు. చొరబాటును 'అవగాహనలో తేడా' అన్నాం. వెనక్కి జరగడాన్ని 'డిస్‌ఎంగేజ్‌మెంట్' అన్నాం. ఇచ్చిపుచ్చుకున్న తాంబూలాలు తిరిగిచ్చేసినంత మర్యాదగా ఉంది. నిన్నటిదాకా మన గస్తీ తిరిగిన చోట ఇక మనం కూడా తిరగకూడదనే ఏర్పాటుకు 'బఫర్ జోన్' అని పెట్టాం. డెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో పాత దారిన మళ్లీ గస్తీకి వెళ్లడానికి నాలుగున్నరేళ్లు బతిమాలి, 2024 అక్టోబరులో ఒప్పందం చేసుకుని, దానికి దౌత్య విజయం అని పెట్టాం. మన చెలకకు మనం నడిచే బాట కోసం నాలుగున్నరేళ్లు పంచాయితీ నడిచిందంటే ఊళ్లో దాన్ని విజయమని ఎవరూ అనరు.

తొట్టెల సంగతి సరే, తొట్టెల ఎక్కడిదో కూడా చూసుకోండి. కట్టిన బుడగలు, పైన తిరిగే గిలక్కాయ, బటన్ నొక్కితే పాడే జోలపాట, అన్నీ వాళ్లవే. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆ దేశంతో మన వాణిజ్య లోటు 9,900 కోట్ల డాలర్లు దాటింది. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత టిక్‌టాక్ తీసేసి కసి తీర్చుకున్నాం. గిలక్కాయ మాత్రం ఆగలేదు.

వాళ్లకూ మనకూ ఇంకో తేడా ఉంది. వాళ్లు మన కొండలకు పేర్లు పెడతారు. మనం మన కొండలకు నంబర్లు వేస్తాం, హాస్టల్లో పిల్లల పళ్లేలకు వేసినట్టు. లద్దాఖ్‌లో గస్తీ మజిలీలన్నీ పెట్రోలింగ్ పాయింట్లు. డెప్సాంగ్‌లో 10, 11, 11ఏ, 12, 13. హాట్ స్ప్రింగ్స్‌లో 15. గోగ్రా దగ్గర 17ఏ, అంటే 17కు తమ్ముడు పుట్టాడన్నమాట. ఆ నేల మీద తరతరాలుగా మేకలు మేపుకుంటున్న చాంగ్‌పాలకు ప్రతి వాగుకూ ప్రతి పచ్చికకూ పేరుంది. వాళ్లను ఏ దేశం వాళ్లూ తొట్టెలకు పిలవలేదు. గల్వాన్ అన్నది కూడా ఓ మనిషి పేరే. లేహ్‌కు చెందిన గులాం రసూల్ గల్వాన్, తెల్లదొరల బిడారాలకు దారి చూపినవాడు. ఆయన పేరు ఏటికి నిలిచింది. ఆ ఏటి ఒడ్డున మనం వేసిన నంబరు 14.

'చే' దొరికింది. తెలుగులోనే ఉంది. చే అంటే చెయ్యి.

రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి పేల్చకూడదని 1996లో రెండు దేశాలూ రాసుకున్నాయి. అందుకే 2020 జూన్ 15 రాత్రి, పద్నాలుగో నంబరు దగ్గర, మనవాళ్లు చేతులతో పోరాడారు. అటు నుంచి మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఇనప కడ్డీలు, రాళ్లు. ఇరవై మంది చనిపోయారు. బీహార్ రెజిమెంటు పదహారో బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్‌బాబు వాళ్లలో ఒకడు, మా సూర్యాపేట పిల్లవాడు. మర్నాడు మన ప్రకటనలో దానికి పెట్టిన పేరు 'హింసాత్మక ఫేస్ ఆఫ్'. నాలుగో రోజున అఖిలపక్ష సమావేశంలో దేశ ప్రధాని, మన భూభాగంలోకి ఎవరూ రాలేదు, ఎవరూ లేరు, మన పోస్టులేవీ ఎవరి చేతిలోనూ లేవు అన్నారు. చితి బూడిద ఆరి ఒక్కరోజు అయింది. ఎవరూ రాకపోతే ఆ ఇరవై మంది ఎవరితో కొట్టుకుని చచ్చిపోయారు? మాట తాలూకు అసలు భావం ఇదీ అని తర్వాత కాగితం మీద వివరణ ఇచ్చారు. భావాలు సర్దుకోవచ్చు. చచ్చిపోయిన చోటును సర్దకూడదు.

చైనా సంగతి ఇంకా సిగ్గుచేటు. పరాయి నేలకు 89 పేర్లు దొరికినవాళ్లకు, ఆ రాత్రి చనిపోయిన సొంత సైనికుల పేర్లు చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. చెప్పినవి నాలుగే. అయినా వాళ్లను వెర్రివాళ్లనుకుని నవ్వితే మనమే వెర్రివాళ్లం. 2021లో 15 పేర్ల జాబితా బయటికొచ్చిన రెండు మూడు రోజులకే, 2022 జనవరి 1న, వాళ్ల కొత్త భూ సరిహద్దుల చట్టం అమల్లోకి వచ్చింది. వాళ్లు కడుతున్నది పాట పాడే తొట్టెల కాదు, దస్తావేజు. ఆ దస్తావేజుకు మన సమాధానం ఒక విశేషణం.

మన ఇంట్లో మనకైనా నిజం చెప్తున్నారా? 1962 నవంబరులో యుద్ధం నడుస్తుండగానే లోక్‌సభ కూర్చుని రోజుల తరబడి నెహ్రూను నిలదీసింది. 2020 సెప్టెంబరులో రక్షణ మంత్రి ఒక ప్రకటన చదివి కూర్చున్నారు, చర్చ లేదు. రెజాంగ్ లా దగ్గర షైతాన్ సింగ్ దేహం దొరికిన చోట కట్టిన స్మారకం బఫర్ జోన్‌లో పడినందున 2021లో తీసేయాల్సి వచ్చిందని మనకు చెప్పింది ఢిల్లీ కాదు, లద్దాఖ్‌లో ఒక స్థానిక కౌన్సిలర్. తన నేలలో ఎంత మేర తను తిరగలేకపోతున్నాడో తెలుసుకునే హక్కు పౌరుడికి లేదట. అడిగితే దేశభక్తి మీద అనుమానం. ఆ పిల్లవాడి శవాన్ని మోసిన ఊరికి కూడా చెప్పరా?

రాత్రి మళ్లీ చిన్నమ్మ ఫోన్ చేసింది. సంతోష్‌బాబును అంత్యక్రియలకు కేసారం తీసుకుపోయిన రోజు ఆమె గడపలో నిలబడి చూసింది. ఇప్పటికీ అతడి విగ్రహం ముందు నుంచి ఆటో వెళ్తే చెంపలు వేసుకుంటుంది.

"ఆ పిలగాడు పోయిన జాగ పేరేందిరా?"

"గల్వాన్ చిన్నమ్మా. పెట్రోలింగ్ పాయింట్ పద్నాలుగు."

"ఇప్పుడు మనోళ్లు గాడికి పోతున్నరా?"

"లేదు. బఫర్ జోన్ అది. వాళ్లు రారు, మనం పోం."

"ఎన్నేండ్ల సంది?"

"వచ్చే నెలకు ఐదేండ్లు."

చిన్నమ్మకు రెండెకరాల చెలక ఉంది. అన్నదమ్ముల తగవులో కొన్నేళ్లు అందులో ఎవరూ నాగలి పెట్టలేదు.

"అంటె పడావు వెట్టిన్రన్నట్టు," అంది.