తేలియా ఎరుపు

డబ్బు లేకపోయినా డాక్యుమెంటరీ షూటింగ్ ఎలాగోలా అయిపోతుంది. కెమెరా ఎవరినో అడిగి తెచ్చుకోవచ్చు, ఊరికి ఆర్టీసీ బస్సులో పోవచ్చు, ఎవరి మీద తీస్తున్నామో వాళ్ళింట్లోనే ఇంత తినొచ్చు. ప్రాణం మీదికొచ్చేది షూటింగ్ అయ్యాకే. ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్, సబ్‌టైటిల్స్, థియేటర్లో వేయడానికి డీసీపీ... ఇవన్నీ మొహమాటం మీద జరిగే పనులు కావు. మంచి సినిమాలు ఇక్కడే ఆగిపోతాయి. ఏళ్ళ కష్టం హార్డ్ డిస్కుల్లో పడి ఉంటుంది, ఆ డిస్కులు కూడా ఒక్కోటీ చచ్చిపోతుంటాయి. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ప్రభుత్వం తరఫున డాక్యుమెంటరీలు తీయడానికి 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయింది. సొంతంగా తీసుకునేవాళ్ళు రఫ్ కట్ పట్టుకుని కోల్‌కతాలో డాక్ఎడ్జ్‌కి, గోవాలో ఫిల్మ్ బజార్‌కి, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఇడ్ఫా బెర్తా ఫండ్‌కి, బుసాన్ ఫెస్టివల్‌కి సాయం కోసం దరఖాస్తులు పెట్టుకుంటూ ఉంటారు. దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి. సినిమాలో మనుషులేమో ఏ నల్లగొండ యాసలోనో మాట్లాడతారు. ప్రతి మాటా రాసి, అనువదించి, తెర మీద అతికిస్తే తప్ప అవతలివాళ్ళు మొదటి పది నిమిషాలు కూడా చూడలేరు. ఆ పనికీ డబ్బే కావాలి.

హైదరాబాదులో ఒకమ్మాయి 2017లో ఇలాంటి సినిమా ఒకటి మొదలుపెట్టింది. పుట్టపాక వైపు ఒక ఊళ్ళో తేలియా రుమాలు నేసే ముసలాయన కథ. చీరాలలో పుట్టి, అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్ళి, తర్వాత నల్లగొండ ప్రాంతంలో నిలదొక్కుకున్న నేత అది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఆరబెడతారు. అప్పుడు గానీ ఎరుపు రంగు పోగు లోపలికంటా దిగదు. పడుగుకీ పేకకీ విడివిడిగా చిటికి కట్టి, అంటే కొన్నిచోట్ల రంగు అంటకుండా ముడులు వేసి, రంగు వేసి, మగ్గం మీద రెండింటినీ కలుపుతారు. ఎరుపు, నలుపు, తెలుపు... మూడే రంగులు. బట్ట ఎన్నిసార్లు ఉతికినా ఆ నూనె వాసన ఒక పట్టాన వదలదు.

షూటింగ్ 2019లో అయిపోయింది. తర్వాత మొదలయ్యాయి దరఖాస్తులు. ఒకరు పాత్ర బలంగా లేదన్నారు, ఒకరు ముగింపు లేదన్నారు, చాలామంది ఏమీ అనలేదు. ఆమె పగలు పెళ్ళి వీడియోలు కట్ చేస్తూ, రాత్రి ఈ సినిమా మీద కూచునేది. ఊరికి పోవడం తగ్గి, ఫోనులో పలకరింపుల దగ్గర ఆగింది. 2023లో ఒక విదేశీ నిధి పోస్ట్ ప్రొడక్షన్‌కి డబ్బు ఇచ్చింది. దాంతోపాటు ఒక అనుభవజ్ఞుణ్ణి ఎడిటింగ్ సలహాదారుగా కూడా ఇచ్చింది.

డబ్బు కన్నా ఆ సలహాదారు దొరకడమే పెద్ద వరమని నేను అనుకుంటాను. సొంత సినిమాను ఏళ్ళ తరబడి చూసిన కళ్ళకు ఏది ఎక్కువో ఏది తక్కువో తెలియదు. చీరాల చరిత్రతో మొదలైన సినిమాను ఆయన నూనె కుండలో మునుగుతున్న ముసలాయన చేతులతో మొదలుపెట్టించాడు. ఆ ఒక్క మార్పుతో సినిమాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క సీను దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. ముసలాయన రెండు రుమాళ్ళు పక్కపక్కన పరిచి, అసలుదేదో ప్రింటేదో చూపించే సీను. "ముందట అన్నీ ఒక్కతీర్గనే ఉంటయి బిడ్డా. ఎనుకకు తిప్పితే తెలుస్తది" అంటాడు. తిప్పితే ఒకదాని వెనకభాగం వెలవెలబోతూ ఉంటుంది. నాలుగు నిమిషాల సీను. కథ ఆగిపోతోంది, ఇది సమాచారం తప్ప సినిమా కాదు అన్నాడాయన. ఆమె వారం రోజులు పోట్లాడి, చివరికి తీసేసింది.

ఇక మిగిలింది రంగు. అప్పట్లో వాడిన చవక కెమెరా ఎరుపునంతా నారింజ వైపు లాగేసింది.

"చెల్లె, అసలు ఎరుపు ఎట్లుంటదో నాకు తెలియాలె. ఒక రుమాలు తెప్పించు" అన్నాడు కలరిస్ట్.

ఆమె ఫోన్ చేసింది. "తాతా, మీరు నేసిన రుమాలు ఒకటి కావాలి. అర్జెంటు."

అవతల కొంచెంసేపు మాట లేదు. "పంపుత బిడ్డా" అన్నాడు.

మూడో రోజుకి ఆర్టీసీ కార్గోలో పార్సెల్ వచ్చింది. విప్పగానే గదంతా గంజి వాసన. రుమాలును మానిటర్ పక్కన బల్ల మీద పరిచి, నాలుగు మూలలా టేపు వేసి, పైన తెల్లటి దీపం పెట్టారు. ఒక్కో షాటులో ఎరుపును మాత్రమే విడదీసి, ముసలాయన ఒంటి చాయ చెడకుండా, బట్ట మీది ఎరుపుకి తెర మీది ఎరుపుని దగ్గర చేస్తూ పోయారు. గ్రాంటులో పెద్ద ముక్క ఆ గది కిరాయికే పోయింది. సలహాదారు చూసి, ఇంత నిజమైన ఎరుపు తను తెర మీద ఈమధ్య చూడలేదని ఉత్తరం రాశాడు. డీసీపీ తయారై ఫెస్టివల్‌కి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆమె లాప్‌టాప్, మడతపెట్టిన రుమాలు పట్టుకుని ఊరికి వెళ్ళింది. మగ్గం ఉండాల్సిన చోట బియ్యం బస్తాలు కనిపించాయి. గుంట పూడ్చేసి గచ్చు చేశారు.

"మగ్గం ఏది తాతా?"

"కరోనాల అమ్మిన."

ఆమెకు ఏమనాలో తోచలేదు. సంచిలోంచి రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీ రుమాలు తాతా. దీన్ని చూసే రంగంతా సరిచేశాం."

"నాదెక్కడిది బిడ్డా? నేను నేసినయి మగ్గం కంటె ముందే పోయినయి. నువ్వడిగితే లేదనబుద్ధి గాలె. చౌటుప్పల్ల దుకాణంల రెండొందల యాభై పెట్టి మనుమనితోని తెప్పిచ్చిన. మిల్లు ప్రింటు." ఆయన ఆ గుడ్డను మోకాలి మీద పరుచుకుని ఆమె మొహంలోకి చూశాడు. "అంత పెద్ద మిషన్ల కాడ పెట్టి సూశిన్రు గద. ఒక్కరన్న ఎనుకకు తిప్పలేదా బిడ్డా?"