ట్యాంకు మార్చేటప్పుడు వినకూడని మాటలు

పాత ఓమ్నీ కింద పెట్రోలు చుక్కలు పడుతున్నాయంటే చాలు, అడక్కుండానే సలహాలు మొదలవుతాయి. వాటిలో ప్రాణం తీసేది ఒకటుంది: "కొత్త ట్యాంకు ఎందుకండీ డబ్బు దండగ! పెట్రోలంతా తీసేసి, నీళ్లతో కడిగి వెల్డింగు పెట్టించండి."

దయచేసి ఆ పని చేయించకండి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. మండేది ద్రవం కాదు, దాని మీది ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి గాలి చాలదు. ఖాళీ చేశామంటే గాలి లోపలికి వెళ్లి సరిగ్గా ఆ పాళ్లకు తెచ్చిపెడుతుంది. కడిగితే పోతుందా అంటే, అతుకుల్లోనూ తుప్పు పొరల్లోనూ ఇంకిన పెట్రోలు టార్చి వేడికి మళ్లీ ఆవిరవుతుంది. అయినా అడుగంతా తుప్పు తిన్న రేకుకు ఒకచోట అతుకు వేస్తే పక్కన ఇంకో చిల్లు పడుతుంది. ట్యాంకు మార్చడమే దారి. తీసిన పాతదాన్ని గ్యాస్ కట్టర్ వాడే పాతసామాన్ల వాళ్లకిస్తే, అది పెట్రోలు ట్యాంకని నోటితో చెప్పి మరీ ఇవ్వండి.

"వానొస్తుంది, షెడ్డులోనే కానిచ్చేద్దాం" అనేది రెండో మాట. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ నీళ్ల మోటారు దాకానో వంటింటి పొయ్యి దాకానో వెళ్తుంది. కాబట్టి ఆరుబయటే చేయాలి. వాన వస్తే మర్నాడు చేసుకోవచ్చు.

నోటితో పైపు పీల్చమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రి పాలవుతారు. చేతిపంపు వాడండి. తోడినదాన్ని ప్లాస్టిక్ బకెట్లో పోస్తే స్థిర విద్యుత్తు రవ్వ పుట్టవచ్చు. మూతున్న ఇనుప డబ్బాను నేల మీద పెట్టి నింపండి. ఓమ్నీ ట్యాంకు సుమారు 36 లీటర్లది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచుకోకూడదు. అందుకే పని పెట్టుకునే ముందు ముల్లు కిందికి దిగేదాకా బండి తిప్పేయడం మంచిది.

ఇటుకల మీద బండిని నిలబెట్టమనే సలహా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇటుక ముందుగా చెప్పి పగలదు. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరడమూ అంతే. స్టాండ్లు పెట్టండి, చక్రాలకు అడ్డు పెట్టండి.

"బ్యాటరీతో మనకేం పని" అంటారు. ట్యాంకులోని గేజి తీగలు ఊడదీసేటప్పుడు రవ్వ రావచ్చు కనుక, మైనస్ తీగను ముందే తీసెయ్యాలి. ఇంజెక్షన్ బండి అయితే దానికన్నా ముందు పంపు ఫ్యూజు లాగి, ఇంజన్‌ను ఆగిపోయేదాకా నడపండి. లేకపోతే పైపు వదులు చేయగానే పెట్రోలు ముఖం మీదికి చిమ్ముతుంది.

పాత వాషరే వేసేయమని, నీళ్ల పైపు ముక్కతో సరిపెట్టమని పొదుపు చెప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. నీళ్ల పైపు పెట్రోలుకు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంధనానికని అమ్మే హోసే కొనండి, క్లిప్పులు, వాషరు, ఫిల్టరు కొత్తవి వేయండి. ఇక "ఈ సన్న పైపు దేనికీ పనికిరాదు, మూసెయ్" అని ఎవరైనా అంటే, అది ట్యాంకు గాలి పీల్చే పైపు అయివుంటుంది. దాన్ని మూస్తే పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి బండి దారిలో ఆగుతుంది. మూత తీయగానే మళ్లీ నడుస్తుంది. కారణం తెలియక కార్బురేటర్ విప్పి కూర్చుంటారు.

అన్నీ బిగించాక ఒకేసారి నింపకండి. రెండు మూడు లీటర్లు పోసి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, టార్చిలైటుతో ప్రతి అతుకూ చూడండి. తడి కనబడకపోయినా బండిని ఆ రాత్రి బయటే ఉంచండి. పొద్దున్నే నేల పొడిగా ఉంటే బంకుకు తీసుకెళ్లి నిండా పోయించండి. నిండినప్పుడు పైఅంచు, నింపే పైపు మొదలు మరోసారి చూడాలి, ఎందుకంటే అక్కడి కారుడు సగం ట్యాంకుతో బయటపడదు.