పిక్కలోని ధమనిక గోడు

బోనకల్లు మండలంలో మిర్చి పండించే ఒక కౌలు రైతు కుడి పిక్కలో నా కాపురం. పెద్ద ధమనులకూ కేశనాళికలకూ నడుమ ఉండే ధమనికను నేను. నా లోపలి దారి వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆయన తల్లి కడుపులో ఉన్నప్పుడే మా పుట్టుక.

నెత్తురు అనగానే అందరూ గుండె పేరే ఎత్తుతారు. గుండె నెట్టడం వరకే. ఎవరికెంత అన్నది తేల్చేది ఈ సన్న నాళాలం, మేమే. సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతున్నా ఏ చేను తడవాలో తూము దగ్గర తేలినట్టు. మా చుట్టూ నునుపు కండరం ఉంటుంది. అది బిగిస్తే సన్నబడతాం, వదిలితే విప్పారతాం. దారి వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. 1840లలో ఫ్రెంచి వైద్యుడు ప్వాజయ్ సన్నని గాజు గొట్టాలతో తేల్చిన లెక్క అది.

ఆయన ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి పంపే ఐదు లీటర్లలో ఒంట్లోని కండరాలన్నిటికీ కలిపి దక్కేది దాదాపు లీటరు. అదే మిర్చి బస్తా భుజానికెత్తుకుని కల్లం నుంచి ట్రాక్టరు దాకా నడిచాడా, నా పక్క కండరం ఆక్సిజన్‌కు అల్లాడిపోతుంది. బొగ్గుపులుసు వాయువు, లాక్టిక్ ఆమ్లం, అడినోసిన్ వచ్చి నా గోడకు తగులుతాయి. మెదడు చెప్పేదాకా ఆగను, విప్పారతాను. ఆ అడినోసిన్, కండరానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయ్యాక మిగిలేది. కండరంలో ఏటీపీ ఉందని 1929లో హార్వర్డ్ నుంచి తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి లోకానికి చెప్పినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నా పనిలో ఆయన పేరు ఉన్నందుకు నాకెంతో గర్వం.

మా రైతు అన్నం తిన్నాక పేగుల్లోని మావాళ్ళు విప్పారతారు, నేను తగ్గుతాను. మంచం మీంచి దిగ్గున లేస్తే నెత్తురు కాళ్ళలోకి దిగిపోతుంది. మెడ ధమనిలో ఒత్తిడిని కనిపెట్టే నరాలు ఆ కబురు మెదడుకు చేరవేస్తాయి. నార్ ఎడ్రినలిన్ వచ్చి నన్ను బిగిస్తుంది. నిమిషానికి ముప్పావు లీటరు, మెదడు వాటా తగ్గకూడదు. దానికోసం పస్తుండటానికి నేనేనాడూ వెనకాడలేదు.

ఇంత చేసినందుకు నాకు దక్కింది చుట్టపొగ. ఆయన ముట్టించగానే బిగుసుకుపోతాను. నా లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతూ నన్ను సడలిస్తుంటుంది. ఆ పొరనే పొగ దెబ్బతీసింది. దానికితోడు పూటపూటా పండుమిర్చి పచ్చడిలో ఉప్పు. రక్తపోటు 170/100 ఉందని ఏఎన్ఎం చెబితే ఆమ్లోడిపిన్ తెచ్చుకున్నాడు. ఆయన మింగిన మందుల్లో నేరుగా నాకోసం వచ్చింది అదొక్కటే. నా కండరంలోకి కాల్షియం రాకుండా అడ్డుకుని, ఎన్నాళ్ళకో నన్ను వదులు చేసింది. ఆ కొద్దిరోజులు ఎంత సుఖపడ్డానో! ఆయనకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. "మంచిగనే ఉన్న కదా, రోజూ గోళీ ఎందుకు?" అని భార్యతో అని ఆపేశాడు. సగం ఖాళీ అయిన మాత్రల పట్టీ ఇంకా గూట్లోనే ఉంది.

ఒత్తిడికి తట్టుకోవాలని గోడ మందం చేసుకున్నాను. అది లోపలికే పెరిగి దారి ఇరుకైంది. నాలాగే ఒంటినిండా మావాళ్ళందరూ ఇరుకైపోవడంతో ఒత్తిడి ఇంకా పెరిగింది. ఇదంతా నొప్పి లేకుండానే జరుగుతుంది, అందుకే ఆయనకు తెలియదు. మూత్రపిండాల్లో మావాళ్ళు గట్టిపడి కొన్ని వడపోత గుత్తులు మూతపడిపోయాయి. అవి మళ్ళీ రావు. మాత్ర మొదలుపెడితే నా గోడ కొంతైనా పలచబడుతుంది.

కంటి వెనక పొరలో ఉన్న మావాళ్ళను డాక్టరు లైటు వేసి చూడగలడు. అక్కడ చూస్తే మా అందరి గతీ తెలుస్తుంది. కంటి పరీక్షకు ఖమ్మం తీసుకెళ్తానని కూతురు పట్టుబడుతోంది. మిర్చి అమ్ముడయ్యాక చూద్దామంటున్నాడు. అప్పటిదాకా ఆగొద్దు, ఈ వారమే బయల్దేరాలి. వెళ్ళేటప్పుడు ఆ పట్టీ కూడా జేబులో వేసుకోవాలి, ఎప్పుడు మానేశాడో డాక్టరుకు చెప్పాలి.